డబ్బు, దీనత్వం, దేవునిమీద నమ్మిక: తరచుగా అడిగే ప్రశ్నలు

సంఘంలో డబ్బు మాట ఎక్కువగా రెండు సందర్భాల్లో వినబడుతుంది. కానుకల సంచి తిరిగేటప్పుడు ఒకసారి, ఎవరైనా బాగా సంపాదించి ఆదివారాలు కనబడటం మానేసినప్పుడు ఇంకోసారి. మిగతా రోజుల్లో ఎవరి టెన్షన్ వాళ్లది. కూటం అయిపోయాక తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటినే ఇక్కడ ఒకచోట పెట్టాను.

ముందుగా పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో 6వ అధ్యాయం 17వ వచనం చదవండి. ధనవంతులకు చెప్పు అంటూ అక్కడ ఒకే గుక్కలో మూడు మాటలు అంటాడు: గర్వపడొద్దు, నిలకడలేని డబ్బుమీద నమ్మిక పెట్టొద్దు, అన్నీ ధారాళంగా దయచేసే దేవునిమీద పెట్టండి. డబ్బు, గర్వం, నమ్మిక అని మనం మూడు ప్రసంగాలు చేసుకుంటాం. పౌలుకు అదంతా ఒకటే సంగతి, మనిషి దేనికి ఆనుకుని కూర్చున్నాడన్నది. ఈ కింది జవాబులు చాలావరకు ఆ వచనం చుట్టూనే తిరుగుతాయి.

డబ్బే అన్ని కీడులకు మూలం అని బైబిల్లో ఉంది కదా?

లేదు. "ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము" అని ఉంది (1 తిమోతి 6:10). మనం చెప్పుకునేటప్పుడు 'ఆపేక్ష' జారిపోతోంది. అది జారిపోతే అర్థం తలకిందులవుతుంది, ఎందుకంటే ధనాపేక్ష ఉండటానికి ధనం ఉండనక్కర్లేదు. జేబులో ఏమీ లేనివాడికీ అది నిండుగా ఉండొచ్చు. పక్కింటివాళ్లు కొత్త కారు దింపిన రోజు మన ఇంట్లో అన్నం ఎందుకు సహించలేదో ఒకసారి గుర్తుచేసుకుంటే చాలు.

యేసు చుట్టూ ఉన్నవాళ్లలో డబ్బున్నవాళ్లు లేకపోలేదు. హేరోదు గృహనిర్వాహకుడి భార్య యోవన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమ ఆస్తితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేశారని లూకా 8వ అధ్యాయం మొదట్లోనే ఉంది. ఊదారంగు పొడి అమ్మే లూదియ ఇంట్లోనే ఫిలిప్పీలో పౌలుకు బస దొరికింది. యేసు దేహాన్ని ఉంచిన సమాధి కూడా ఒక ధనవంతుడిదే, అరిమతయియ యోసేపుది.

"మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్నచోట సిరి అంటే డబ్బేనా?

డబ్బే, కానీ ఒట్టి డబ్బు కాదు. అక్కడ ఉన్న అసలు మాట 'మామోన్' అనే అరామిక్ మాట. సంపద, ఆస్తి అని అర్థం. మత్తయి గ్రీకులో రాస్తూ కూడా దాన్ని అనువదించకుండా అలాగే ఉంచాడు, మనిషి పేరులాగా. మన అనువాదకులు దానికి 'సిరి' అని పెట్టడం నాకు ఎప్పుడూ భలే అనిపిస్తుంది. తెలుగులో రూపాయికి దండం పెట్టం, సిరికి పెడతాం. సిరి వస్తుంది, సిరి అలుగుతుంది, సిరి వెళ్లిపోతుంది అంటాం. అంటే తనకంటూ ఒక ఇష్టం, అయిష్టం ఉన్నదానిలాగా మాట్లాడతాం. యేసు చెప్పింది సరిగ్గా ఆ సంగతే. డబ్బు మన చేతిలో పనిముట్టులా ఉన్నంతసేపు పేచీ లేదు. అది యజమాని కుర్చీలో కూర్చోగలదు, కూర్చున్నాక ఆజ్ఞలు ఇస్తుంది: ఇంకో రెండు గంటలు పని చెయ్యి, ఆ అబద్ధం ఆడు, అమ్మకు ఫోన్ రేపు చేద్దువులే.

ధనవంతుడు పరలోకానికి వెళ్లలేడా? ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమని యేసు అన్నాడు కదా, ఆ 'సూదిబెజ్జం' అంటే యెరూషలేములో ఒక చిన్న గుమ్మం అంటారు, నిజమేనా?

ఆ గుమ్మం కథ ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం. రాత్రిపూట పెద్ద ద్వారం మూసేస్తే పక్కనున్న చిన్న గుమ్మంలోంచి ఒంటె బరువు దించుకుని మోకాళ్లమీద దూరేదట. వినడానికి బాగుంటుంది. అయితే మొదటి శతాబ్దపు యెరూషలేములో అలాంటి పేరుతో గుమ్మం ఉందనడానికి ఆధారం ఏదీ లేదు, ఈ వివరణ మధ్యయుగాల్లో పుట్టుకొచ్చింది. అసలు సూదిబెజ్జం అంటే సూదిబెజ్జమే. ఆ ప్రాంతంలో జనం చూసే అతి పెద్ద జంతువును అతి చిన్న కంతలోంచి పంపడంతో పోల్చాడు యేసు. వినేవాళ్లకు అది కష్టమైన పనిలాగా కాదు, అసలు జరగని పనిలాగానే తోచింది. "అట్లయితే ఎవడు రక్షణ పొందగలడు?" అని శిష్యులు నోళ్లు వెళ్లబెట్టింది అందుకే. ఒంటె కాస్త వంగితే పని అయిపోయేదైతే వాళ్లకు ఆ కంగారు ఎందుకు?

ఆయన జవాబు కూడా దాన్ని తేలిక చేయలేదు. మనుషులకు అసాధ్యం, దేవునికి కాదు అన్నాడు. గుమ్మం కథతో చిక్కేమిటంటే, అది రక్షణను మళ్లీ మన చేతికే ఇస్తుంది: కొంచెం బరువు దించు, కొంచెం వంగు, దూరిపోతావు. మార్కు 10వ అధ్యాయంలో ఆ ధనవంతుడు వచ్చి అడిగిన ప్రశ్న కూడా ఆ వరసలోనిదే, "నేనేమి చేయుదును?" అని. అదే అధ్యాయంలో అతను రావడానికి సరిగ్గా ముందు ఏముందో చూడండి. కొందరు చిన్నబిడ్డలను తెస్తే, దేవుని రాజ్యం ఇలాంటివాళ్లదే అంటూ యేసు వాళ్లను ఎత్తి కౌగిలించుకున్నాడు. చేతిలో ఏమీ లేనివాళ్లు, నడిచి కూడా రానివాళ్లు.

ఇంకో చిన్న మాట మార్కు ఒక్కడే రాశాడు. అన్నీ అమ్మి బీదలకిమ్మని చెప్పేముందు యేసు "అతని చూచి అతని ప్రేమించి" అలా అన్నాడట. కోపంతో అన్న మాట కాదది.

అయితే క్రైస్తవులందరూ ఆస్తి అమ్మేసుకోవాలా?

ఆ మాట అందరితోనూ అనలేదు. సుంకాలు వసూలు చేసే ధనవంతుడు జక్కయ్య సంగతి చూడండి. అన్నీ అమ్మమని యేసు అతనితో అనలేదు, అసలు డబ్బు ఊసే ఎత్తలేదు, మీ ఇంటికి వస్తున్నాను అన్నాడంతే. భోజనానికి మనిషి ఇంటికొచ్చేసరికి జక్కయ్య తనంతట తానే లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకు ఇస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తాను అన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం తప్పు ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడు అసలుమీద ఐదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది (సంఖ్యాకాండము 5:7). నాలుగింతలు అన్నది గొర్రెను దొంగిలించి కోసినవాడు కట్టాల్సిన లెక్క (నిర్గమకాండము 22:1). అంటే సుంకపు గుత్తదారుడు తనకు తానే గొర్రెల దొంగ శిక్ష వేసుకున్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు.

పొలం అమ్మిన డబ్బులో కొంత దాచి, అబద్ధమాడి, అక్కడికక్కడే చనిపోయిన భార్యాభర్తలు అననీయ, సప్పీరాల కథ విని భయపడేవాళ్లూ ఉన్నారు. అక్కడ పేతురు మాట జాగ్రత్తగా వినండి: పొలం నీ దగ్గరున్నప్పుడు నీదే, అమ్మాక డబ్బూ నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. కొంత దాచుకోవడం వాళ్ల తప్పు కాదు. కొంతే తెచ్చి అంతా తెచ్చినట్టు పేరు కొట్టేయాలనుకున్నారు.

అయితే ఈ జవాబు విని ఊపిరి పీల్చుకుని వెళ్లిపోకండి. "ఆ మాట నాకు కాదు" అని మరీ తొందరగా తేల్చుకునేవాళ్ల గురించే నాకు కొంచెం అనుమానం.

నేను ఎవరినీ మోసం చేయలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ఇందులో దేవునికి లెక్క చెప్పాల్సింది ఏముంది?

కష్టం నిజమే. పని చేయనివాడు భోజనం చేయకూడదని రాసిన పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు. కానీ ఆ కష్టపడే చేతులు, చదువు అబ్బిన బుర్ర, పుట్టిన ఇల్లు, జబ్బుపడకుండా గడిచిన ఏళ్లు, వీటిలో మనం సంపాదించుకున్నది ఏది? ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయంలో మోషే ఇదే హెచ్చరిస్తాడు. మంచి ఇళ్లు కట్టుకుని, మందలు పెరిగి, కడుపు నిండాక 'నా సామర్థ్యం, నా బాహుబలం వల్లే ఇంత భాగ్యం' అనుకుంటావు సుమా, ఆ సంపాదించే శక్తి ఇచ్చింది ఆయనే అని గుర్తుంచుకో అంటాడు. ఈ హెచ్చరిక ఆకలి రోజులకు కాదు, తిని తృప్తిపొందిన రోజులకు.

'మోసం చేయలేదు' అన్నదాన్ని కూడా ఒకసారి దగ్గరగా చూడాలి. కూలివాడి కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. ఎగ్గొట్టడం సంగతి కాదు, ఒక్క రాత్రి ఆలస్యం చేయడం గురించి. నెలాఖరుకి ఇస్తాలే అని మనకింద పనిచేసే మనిషిని మూడుసార్లు తిప్పించుకునేటప్పుడు మనకది మోసంలా అనిపించదు. ఆ మనిషికి మాత్రం ఆ రాత్రి పిల్లలకు ఏం పెట్టాలన్న లెక్క. యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో, బిగబట్టిన ఆ కూలే మొర్రపెడుతోంది, ఆ కేకలు ప్రభువు చెవిని పడ్డాయి అని రాశాడు. కూలివాడు నోరు విప్పకపోయినా కూలికే నోరొచ్చింది అక్కడ.

దేవుడు ఆశీర్వదిస్తే డబ్బు వస్తుంది కదా? అబ్రాహాము, సొలొమోను ధనవంతులే.

ధనవంతులే. యిర్మీయా బురదగుంటలో దిగబడ్డాడు, బాప్తిస్మమిచ్చు యోహాను మిడతలు, అడవి తేనె తిని బతికి చెరసాలలో తల పోగొట్టుకున్నాడు, మనుష్యకుమారునికి తలవాల్చుకోవడానికి చోటు లేదు. వీళ్లను ఆశీర్వాదం లేనివాళ్ల జాబితాలో వేస్తామా?

'విత్తనంగా ఇంత కానుక వేయండి, నూరంతలు కోస్తారు' అనే బోధ పాత సంఘాల నుంచి వచ్చింది కాదు. 20వ శతాబ్దంలో అమెరికాలో రూపు కట్టి, రేడియో, టీవీల ద్వారా ప్రపంచమంతా పాకింది. నూరంతల మాట మార్కు 10:30లో నిజంగానే ఉంది. కానీ అదే వచనంలో, అదే వరసలో, "హింసలతో పాటు" అని కూడా ఉంది. దాన్ని బ్యానర్ మీద వేసినవాళ్లను నేనింతవరకు చూడలేదు. ఇలాంటి బోధతో ఎక్కువ నలిగేది లేనివాళ్లు. అప్పు తెచ్చి కానుక వేసి, పంట రాకపోతే 'నీ విశ్వాసం చాలలేదు' అనే మాట కూడా వాళ్లే పడాలి. డబ్బు పోయింది, పైగా నింద మిగిలింది. దీన్ని సువార్త అనడానికి నాకు నోరు రాదు.

అంటే పేదరికం పాపానికి శిక్ష కాదా?

కాదు. తప్పు చేయకుండానే ఉన్నదంతా పోగొట్టుకున్న యోబు కథ మొత్తం ఆ ఆలోచనను పడగొట్టడానికే ఉంది. సోమరితనం వల్ల వచ్చే లేమి గురించి సామెతలు గ్రంథం గట్టిగానే మాట్లాడుతుంది, కానీ లేమి అంతా సోమరితనమేనని ఎక్కడా అనదు. లూకా 16లో కురుపులతో వాకిట్లో పడి ఉన్న దరిద్రుడికి యేసు లాజరు అని పేరు పెట్టాడు. ధనవంతుడికి పేరే లేదు.

దశమభాగం తప్పనిసరా?

పాత నిబంధనలో తప్పనిసరే. అది ఎవరికి వెళ్లేదో కూడా స్పష్టంగా ఉంది: సొంత భూమి లేని లేవీయులకు, మూడేళ్లకోసారి పరదేశికి, తండ్రిలేనివాళ్లకు, విధవరాళ్లకు. మలాకీ 3:10 'మందిరపు నిధి' అంటే ధాన్యం నిల్వచేసే కొట్టు, బ్యాంకు ఖాతా కాదు. కొత్త నిబంధనలో సంఘాలకు రాసిన పత్రికల్లో పదో వంతు కట్టండని ఆజ్ఞ కనబడదు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" ఎవరు హృదయంలో నిశ్చయించుకున్నట్టు వాళ్లు ఇవ్వమని ఉంది (2 కొరింథీయులకు 9:7). చాలామంది విశ్వాసులు పదో వంతును ఒక మంచి అలవాటుగా, మొదటి మెట్టుగా పెట్టుకుంటారు. నేనూ అలాగే చూస్తాను. అది నెలవారీ బిల్లులా మారినప్పుడు చిక్కు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా లెక్కతప్పకుండా పదో వంతు ఇచ్చే పరిసయ్యులతో, న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేశారేమని యేసు అడిగాడు.

విధవరాలిలా ఉన్నదంతా ఇచ్చేయాలా?

మార్కు 12లో ఆ బీద విధవరాలు దేవాలయంలో కానుకగా వేసినవి రెండు కాసులు. రోజుకూలి అయిన ఒక దేనారానికి అలాంటివి 128 కావాలి. అంటే కూలిలో 64వ వంతు. కానుకపెట్టె ఎదురుగా కూర్చుని చూస్తున్న యేసు ఆ చప్పుడు వినబడని నాణేలను లెక్కలోకి తీసుకున్నాడు. చేతిలో రెండున్నాయి కాబట్టి ఒకటి వేసి ఒకటి ఉంచుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. ఉంచుకోలేదు.

ఈ కథను కానుకల ప్రసంగానికి వాడేవాళ్లు దాని ముందున్న వచనం చదవరు. మార్కు 12:40లో యేసు శాస్త్రుల గురించి "విధవరాండ్ర యిండ్లు దిగమ్రింగుచు" అన్నాడు. ఆ వెంటనే చివరి కాసు వేస్తున్న విధవరాలు కనబడుతుంది. ఆమెను మెచ్చుకోవడమూ, ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్లను వేలెత్తి చూపడమూ రెండూ అక్కడే ఉన్నాయి. తినడానికి లేని మనిషి చివరి రూపాయి కానుకగా తెస్తే, తీసుకుని సాక్ష్యంగా చెప్పడం కంటే ఆ ఇంటికి సరుకులు పంపడం సంఘం చేయాల్సిన పని.

డబ్బు దాచుకోవడం, ఇన్సూరెన్స్ కట్టడం అవిశ్వాసమా?

బైబిల్లో ధాన్యం దాచిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఐగుప్తులో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో ఐదో వంతు తీయించి నిల్వ చేశాడు. లూకా 12లో ధనవంతుడు పంట ఎక్కువై, ఉన్న కొట్లు విప్పి పెద్దవి కట్టాలనుకున్నాడు. ఇద్దరూ చేసింది నిల్వే. ఒకడిని దేవుని ఆత్మ గల మనిషి అన్నారు, ఒకడిని దేవుడే వెర్రివాడా అన్నాడు. తేడా ఆ ధనవంతుడి మాటల్లోనే ఉంది: నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, చివరికి నా ప్రాణం. అతను మాట్లాడింది కూడా తన ప్రాణంతోనే, గదిలో ఇంకెవరూ లేనట్టు. యోసేపు కొట్ల తాళం తీసినప్పుడు చుట్టుపక్కల దేశాలు అన్నం తిన్నాయి.

4వ శతాబ్దంలో కప్పదొకియ (ఇప్పటి టర్కీ) కైసరయలో కరువొచ్చినప్పుడు బసీలు అనే సంఘ బోధకుడు ఆ కొట్ల ఉపమానం మీదే ప్రసంగించాడు. నువ్వు దాచుకున్న రొట్టె ఆకలిగొన్నవాడిది, నీ పెట్టెలో మూలుగుతున్న వస్త్రం బట్టలేనివాడిది అన్నాడు.

కాబట్టి ఇన్సూరెన్స్ కట్టండి. మీమీద ఆధారపడినవాళ్లుంటే తప్పకుండా కట్టండి. నెహెమ్యా గోడ కట్టేటప్పుడు ప్రార్థనా చేశాడు, కావలీ పెట్టాడు. ఏదో ఒకటి చాలనుకోలేదు.

19వ శతాబ్దంలో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో అనాథల ఇళ్లు నడిపిన జార్జ్ ముల్లర్‌ను విశ్వాసానికి ఉదాహరణగా చెబుతుంటారు. 1836లో మొదలుపెట్టి, 1898లో చనిపోయేలోపు పదివేలకు పైగా పిల్లలను సాకాడు. చందా ఇవ్వండని మనుషులను అడిగేవాడు కాదు, అప్పు చేసేవాడు కాదు, ప్రార్థించేవాడు. మనం తక్కువగా చెప్పుకునేది ఇంకొకటుంది. ఆయన వచ్చిన ప్రతి పైసాకూ పద్దు రాసి, ఏటేటా నివేదిక అచ్చువేసేవాడు.

చింతించకుడి అని వాక్యం ఉంది. కానీ టెన్షన్ ఆగడం లేదు. నా విశ్వాసం తక్కువా?

ఉద్యోగం లేని నెలల్లో నాకు తెల్లవారుజామున రెండింటికి మెలకువ వచ్చేది. ఫోన్ తీసి బ్యాంకు బ్యాలెన్స్ చూసేవాణ్ని. పది నిమిషాలు అటూ ఇటూ దొర్లి మళ్లీ చూసేవాణ్ని. పది నిమిషాల్లో ఆ అంకె మారదని తెలుసు. అయినా చూసేవాణ్ని. అప్పుడు ఎవరైనా 'ఆకాశపక్షులను చూడు బ్రదర్, వాటిని దేవుడు పోషించడం లేదా' అంటే ఒళ్లు మండేది. కాబట్టి ఈ ప్రశ్న అడిగేవాళ్లకు నేను ఆ వచనంతో మొదలుపెట్టను.

పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయంలో మొదలుపెడతాను. దేవుని బలమైన చేతికింద దీనమనస్కులై ఉండండి అని 6వ వచనం, మీ చింత యావత్తు ఆయనమీద వేయండి అని 7వ వచనం. తెలుగులో ఇవి రెండు వేరే ఆజ్ఞల్లా కనబడతాయి. గ్రీకులో ఒకే వాక్యం: చింతను ఆయనమీద వేస్తూ మిమ్మల్ని తగ్గించుకోండి. అంటే చింతను అప్పగించడమే తగ్గింపు. రేపటిని నేను మోయకపోతే మోసేవాళ్లు లేరనుకోవడంలో, మనకు తెలియకుండానే, దేవుని కుర్చీ మనం లాక్కుని కూర్చున్నాం. ఈ మాట నాకు తగిలినంతగా పక్షుల మాట ఎప్పుడూ తగల్లేదు.

అప్పగించాక ఒక్కసారిగా నిశ్చింత వచ్చేస్తుందని కూడా చెప్పను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం తలకొక ఓమెరు (ఒక కొలత) చొప్పున, ఏ రోజుకా రోజే. ఉదయానికి దాచినవాళ్ల మన్నా పురుగుపట్టి కంపుకొట్టింది. కరువులో ఏలీయా ప్రవక్తకు అన్నం పెట్టిన సారెపతు విధవరాలి ఇంట్లో తొట్టి నిండిపోయిందని రాయలేదు, పిండి తక్కువ కాలేదని రాశారు. అంటే ఆమె రోజూ తొట్టి అడుగు చూస్తూనే పిండి తీసి ఉంటుంది. ఆమెకు విశ్వాసం లేదని ఎవరంటారు? రేపటికి సరిపడా కనబడకపోవడం, ఈ పూటకు ఉండటం, నమ్మిక చాలావరకు అలాగే ఉంటుంది.

చింత నిద్రను, ఆకలిని వారాల తరబడి లాగేసుకుంటుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది విశ్వాసానికి వ్యతిరేకం కాదు.

దీనత్వం అంటే నన్ను నేను పనికిరానివాణ్నని అనుకోవడమా?

యోహాను 13 చూడండి. తండ్రి తన చేతికి సమస్తం అప్పగించాడని, తాను దేవుని దగ్గరనుంచి వచ్చి దేవుని దగ్గరికే వెళ్తున్నానని యేసు ఎరిగి, భోజనం దగ్గరనుంచి లేచి, తువాలు నడుముకు కట్టుకుని, శిష్యుల కాళ్లు కడగడానికి పళ్లెంలో నీళ్లు పోశాడు. తానెవరో బాగా తెలిసి వంగాడు. మోషే భూమ్మీద అందరికంటే సాత్వికుడని రాసి ఉంది. ఆయన ఫరో ఎదుట నిలబడి మాట్లాడినవాడే. 'అయ్యో నేనెంతవాణ్ని, నాకేం రాదు' అని పదేపదే అనేవాళ్లలో కొందరు, కాదు కాదు మీరు గొప్పవాళ్లే అనిపించుకోవడానికి ఎదురుచూస్తుంటారు. అది కూడా తన గురించిన ఆలోచనే కదా.

యేసు కాలపు గ్రీకు, రోమా లోకంలో దీనుడు అన్న మాట మెచ్చుకోలు కాదు, తక్కువ పుట్టుక, బానిసబుద్ధి అన్న తిట్టుకు దగ్గర. ఆ మాటనే తీసుకుని సంఘం సద్గుణాల్లో పెట్టుకుంది. సిలువ వేయబడినవాణ్ని ప్రభువు అన్నాక ఇంకోలా కుదరలేదు.

ఒక హెచ్చరిక. తగ్గించుకో అనే మాట పైనున్నవాడు కిందివాడికి చెప్పే ఆయుధం కాకూడదు. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషికి, జీతం ఎగ్గొట్టబడిన మనిషికి 'దీనంగా ఉండు' అని చెప్పడం సువార్త కాదు. తువాలు కట్టుకున్నది బోధకుడు, శిష్యుడు కాదు.

ప్రమోషన్ కోరుకోవడం తప్పా?

తప్పు కాదు. అది రాకపోతే మీరెవరో మీకు తెలియకుండా పోతుందా అన్నది చూసుకోండి.

సహాయం చేసిన ఫొటోలు పెట్టొచ్చా? నలుగురికీ స్ఫూర్తి అంటారు.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వొద్దన్నాడు యేసు. బియ్యం సంచి పట్టుకుని కెమెరా వైపు చూడలేక తల దించుకున్న ఆ మనిషి ముఖం చూశాక కూడా పెట్టాలనిపిస్తే మీ ఇష్టం. సంస్థలు లెక్కలు చూపించాలి, అది వేరు. లెక్క చూపించడానికి ముఖాలు అక్కర్లేదు.

అప్పు చేయడం పాపమా?

పాపమని ఎక్కడా లేదు, బానిసత్వమని మాత్రం ఉంది: "అప్పుచేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు" (సామెతలు 22:7). తీసుకుని తీర్చకపోవడాన్ని 37వ కీర్తన భక్తిహీనుల లక్షణంగా చెబుతుంది. అప్పులపాలైన ఒక విధవరాలి ఇంట్లో ఎలీషా ప్రవక్త చేసిన అద్భుతంలో, పాత్రల్లో నూనె నిండాక ఆమెకు వచ్చిన మాట, ముందు అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అని. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా మొదట అప్పు తీరాలి.

అప్పిచ్చేవాడికీ ధర్మశాస్త్రంలో ఒక మాటుంది. బీదవాడి పైవస్త్రం తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చెయ్యాలి, అతనికి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, మరి దేనితో పడుకుంటాడు అని దేవుడే అడుగుతాడు (నిర్గమకాండము 22:26-27).

ఎన్నేళ్లు ప్రార్థించినా పరిస్థితి మారలేదు. ఇంకా ఎలా నమ్మాలి?

దీనికి నా దగ్గర పొట్టి జవాబు లేదు. బైబిల్లో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారని మాత్రం చెప్పగలను. శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధను తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. అగ్నిగుండం ముందు ముగ్గురు యువకులు నెబుకద్నెజరు రాజుతో మా దేవుడు తప్పించగలడు అని, తప్పించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. హబక్కూకు అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షలు ఫలించకపోయినా, శాలలో పశువులు లేకపోయినా అంటూ పోయినవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఆ తర్వాత ఆనందిస్తాను అన్నాడు. లెక్కపెట్టకుండా అనలేదు. మీరు కూడా పోయినవాటిని దేవుని ముందు పేరుపేరునా చెప్పుకోవచ్చు. కీర్తనల్లో మూడో వంతు దాకా అలాంటి మొరలే.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న వచనాన్ని మనం పరీక్షలకు, ఇంటర్వ్యూలకు వాడేస్తుంటాం. అది పౌలు సంకెళ్లలో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రికలోది. ముందు వచనంలో పౌలు, కడుపు నిండి ఉండటం, ఆకలితో ఉండటం, రెండూ నేర్చుకున్నాను అంటాడు. ఆయన చేయగలనన్న 'సమస్తం'లో ఆకలి కూడా ఉంది. 'నేర్చుకున్నాను' అన్నాడు, అంటే ఆయనకూ పుట్టుకతో రాలేదు.

ఎంత ఉంటే చాలు?

ఆగూరు అనే ఆయన ప్రార్థన సామెతలు 30లో ఉంది. పేదరికం వద్దు, దొంగతనం చేస్తానేమో. ఐశ్వర్యమూ వద్దు, కడుపు నిండి 'యెహోవా ఎవడు?' అంటానేమో. తగినంత ఆహారం ఇవ్వు చాలు. తన బలహీనత రెండువైపులా తెలిసిన మనిషి. ప్రార్థనలో 'ఐశ్వర్యం వద్దు' అన్న మాట నా నోటినుంచి నిజంగా ఎప్పుడైనా వచ్చిందా అని వెతుక్కుంటే, లేదు.

18వ శతాబ్దంలో ఇంగ్లాండు బోధకుడు జాన్ వెస్లీ ఒక యువకుడి లెక్క చెప్పాడు. అది ఆయన సొంత లెక్కేనని సాధారణంగా అనుకుంటారు. మొదటి ఏడు ఆదాయం 30 పౌండ్లు, 28తో బతికి 2 ఇచ్చాడు. రెండో ఏడు 60 వచ్చాయి, 28తోనే బతికి 32 ఇచ్చాడు. మూడో ఏడు 90, ఇచ్చింది 62. నాలుగో ఏడు 120, ఇచ్చింది 92. మనలో చాలామంది జీతం పెరిగినప్పుడు ఆ 28 ఎక్కడుందో కూడా గుర్తుపట్టలేం, అది కూడా పెరిగిపోయి ఉంటుంది.

పిల్లలకు ఆస్తి కూడబెట్టడం తప్పా?

తప్పు కాదు. తల్లిదండ్రులే పిల్లలకోసం కూర్చాలి కానీ పిల్లలు తల్లిదండ్రులకోసం కాదని పౌలు మామూలు లోకజ్ఞానంగా రాశాడు (2 కొరింథీయులకు 12:14). అయితే ఆ కొట్ల ఉపమానం ఎలా మొదలైందో చాలామంది మరిచిపోతారు. జనసమూహంలోంచి ఒకడు, "బోధకుడా, పిత్రార్జితములో నాకు పాలుపంచిపెట్టవలెనని నా సహోదరునితో చెప్పుము" అన్నాడు. తండ్రి కష్టపడి కూడబెట్టిందే, న్యాయమైన వాటానే అయి ఉండొచ్చు. యేసు ఆ తగువు తీర్చలేదు, నన్ను మీమీద తీర్పరిగా ఎవరు పెట్టారు అని, లోభానికి చోటివ్వకండని చెప్పి, కొట్ల కథ మొదలుపెట్టాడు. ఆ మనిషికి వాటా దొరికిందో లేదో, అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకున్నారో లేదో లూకా రాయలేదు.